అనుదిన అవసరాల కోసం దేవుని మీద ఆధారపడి ప్రార్థించడం ఎలా?

నెలలో ఇరవయ్యో తేదీ దాటితే చాలామంది విశ్వాసుల ఇళ్లలో ప్రార్థన ఒక్క వాక్యానికి కుదించుకుపోతుంది: “ప్రభువా, మా అవసరాలన్నీ తీర్చు.” ఏ అవసరం, ఎంత, ఎప్పటిలోగా అన్నది అందులో ఉండదు. అలా అడిగితే జవాబు వచ్చినా గుర్తుపట్టలేం. మోకాళ్ల మీద నుంచి లేచాక చింత కూడా మనతోపాటే లేస్తుంది. దేని గురించి చింతపడుతున్నామో మనకే తేలలేదు కదా.

యేసు నేర్పిన ప్రార్థనలో పొట్టకూటికి సంబంధించిన విన్నపం ఒక్కటే: “మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము.” చిన్నదే అయినా అందులో కావలసింది ఏమిటో ఉంది, ఎవరికో ఉంది, ఎప్పటికో ఉంది. కింద చెప్పే పద్ధతంతా ఈ మూడింటి చుట్టూ తిరుగుతుంది. దీన్ని పట్టుదలగా పాటించి, లెక్కలతో సహా రాసిపెట్టినవాడు జార్జి ముల్లర్. ప్రష్యాలో పుట్టి, ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో స్థిరపడ్డాడు. 1830లో సంఘం ఇచ్చే స్థిరమైన జీతం వదులుకున్నాడు. 1836లో అద్దె ఇంట్లో అనాథాశ్రమం తెరిచి, 1870 నాటికి ఆష్లీ డౌన్‌లో 5 పెద్ద భవనాలు కట్టించాడు. ఎవరినీ చందా అడగలేదు. ఆయన గురించి ప్రసంగాల్లో చెప్పే కథలకంటే ఆయన దినచర్య పుస్తకం, జమాఖర్చులే మనకు ఎక్కువ పనికొస్తాయి.

ఆయనకూ తెలుగునేలకూ చుట్టరికం ఉంది. ఆయన బావమరిది ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ 1836లో మద్రాసుకు తీసుకొచ్చిన మిషనరీలు బౌడెన్, బీర్ దంపతులే గోదావరి ప్రాంతంలో, నరసాపురం కేంద్రంగా పరిచర్య మొదలుపెట్టారు. గోదావరి జిల్లాల్లోని బ్రదరన్ సహవాసాల వేళ్లు అక్కడివే.

కావలసినవి

- 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి. ఒక కుటుంబానికి ఏడాది వస్తుంది.
- ఇంటి కాగితాలు: కరెంటు బిల్లు, అద్దె చీటీ, పాల ఖాతా, కిరాణా కొట్టు ఖాతా పుస్తకం, స్కూలు ఫీజు రసీదులు, మందుల చీటీ.
- బైబిలు.
- రోజూ పొద్దున 20 నిమిషాలు, ఆదివారం సాయంత్రం ముప్పావు గంట.
- వీలైతే ఇంట్లో ఇంకొకరు. భార్యాభర్తలిద్దరూ కూర్చుంటే లెక్కలు దాచడం తగ్గుతుంది, సగం గొడవలు అక్కడే తీరతాయి.

1. ఆదివారం సాయంత్రం లెక్క రాయండి

నోట్‌బుక్‌లో రెండు పేజీలను కలిపి ఏడు గళ్లు గీయండి: అడిగిన తేదీ, అవసరం, ఎంత, ఎప్పటిలోగా, మా వంతు పని, అందిన తేదీ, ఎలా అందింది. చివరి రెండు గళ్లు ప్రస్తుతానికి ఖాళీగానే ఉంటాయి.

వచ్చే ఏడు రోజులకు కావలసినవి మాత్రమే రాయండి. నెల మొత్తం రాస్తే చూడగానే గుండె జారిపోతుంది. రాసేటప్పుడు వంటింట్లోకి వెళ్లి డబ్బాలు తెరిచి చూడండి, గుర్తున్నదాన్ని బట్టి రాయొద్దు. బియ్యం బస్తాలో అడుగున ఎంత ఉంది? కందిపప్పు ఎన్ని పూటలకు వస్తుంది? నూనె ప్యాకెట్ ఈ వారం గట్టెక్కిస్తుందా? గ్యాస్ బండ ఎప్పుడు పెట్టారు? “సరుకులు కావాలి” అని రాస్తే అది లెక్క కాదు. “కందిపప్పు 1 కిలో, నూనె 1 లీటరు, ఉల్లిపాయలు 2 కిలోలు, బుధవారం లోపు” అని రాయాలి. డబ్బు విషయంలోనూ అంతే. కరెంటు బిల్లు 840 రూపాయలు, 18వ తేదీ ఆఖరు, చేతిలో ఉన్నది 500, తక్కువైంది 340 అనుకోండి. గడిలో రాయాల్సింది 340.

ఈ తీసివేత చేయడానికి చాలామంది జంకుతారు. చేశాక మాత్రం తేలికపడతారు. పదివేలు కావాలని రాత్రంతా దొర్లినవాళ్లకు, కాగితం మీద పెట్టి చూస్తే ఈ వారానికి నిజంగా తక్కువైంది 2,300 అని తేలడం మామూలే.

జాబితా పూర్తిగా ఉండాలి. ముల్లర్ అనాథాశ్రమం కోసం ఇల్లు అడిగాడు, డబ్బు అడిగాడు, పనిచేసేవాళ్లను అడిగాడు. అన్నీ సమకూరాయి. 1836 ఫిబ్రవరిలో దరఖాస్తులు తీసుకుంటామని చెప్పిన రోజు వచ్చి కూర్చుంటే ఒక్కరూ రాలేదు. అప్పుడు తట్టింది ఆయనకు: అన్నిటికోసం ప్రార్థించాడు గానీ, పిల్లల్ని పంపమని మాత్రం అడగలేదు. ఆ సాయంత్రం దాని కోసం ప్రార్థించాడు, మర్నాడే దరఖాస్తులు మొదలయ్యాయి. మన జాబితాల్లో ఇలా జారిపోయేవి సాధారణంగా బస్సు ఛార్జీలు, మందులు, ఫోన్ రీచార్జి, బడిలో అకస్మాత్తుగా అడిగే పరీక్ష ఫీజులు.

నెహెమ్యా దీనికి మంచి మాదిరి. యెరూషలేము గోడ కూలిపోయిందని విని కిస్లేవు నెలనుంచి నీసాను వరకు, అంటే ఇంచుమించు నాలుగు నెలలు, ఉపవాసముండి ప్రార్థించాడు. చివరికి రాజు “నీకేం కావాలి” అని అడిగినప్పుడు తడుముకోలేదు. ఎన్నాళ్లు సెలవు కావాలో చెప్పాడు. నది అవతలి అధికారులకు లేఖలు అడిగాడు. అడవి కాపరి ఆసాపు దగ్గరనుంచి దూలాలు ఇప్పించమన్నాడు, అవి ఏయే కట్టడాలకో కూడా చెప్పాడు. ప్రార్థించిన నాలుగు నెలల్లో ఆయన అంచనా కూడా వేసుకున్నాడన్నమాట.

2. అవసరాన్నీ కోరికనూ విడదీయండి

ప్రతి గడి పక్కన ‘అ’ లేక ‘కో’ అని రాయండి. ఇది ఈ వారం అందకపోతే ఎవరైనా పస్తు ఉంటారా, జబ్బు ముదురుతుందా, బడి మానాల్సి వస్తుందా, ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తుందా, పనికి వెళ్లడం ఆగిపోతుందా? ఒక్కదానికైనా అవును అంటే అది అవసరం. ఆటో నడిపేవాళ్లకు టైరు అవసరమే. ఉన్న ఫోన్ పనిచేస్తుండగా కొత్త ఫోన్ కోరికే.

కోరికలు అడగకూడదని కాదు. వాటికి వెనక పేజీ ఒకటి కేటాయించి అక్కడ రాయండి. రెండూ ఒకే పేజీలో ఉంటే కోరిక తీరలేదన్న కినుకలో అన్నం దొరికిన సంగతి మరుగున పడుతుంది. భోగాల కోసం దురుద్దేశంతో అడుగుతారు కాబట్టి దొరకడం లేదని యాకోబు పత్రిక 4వ అధ్యాయంలో ఉంది. ఆ మాట వెనక పేజీ పైన రాసిపెట్టుకుంటే ఉపయోగం.

పెళ్లి ఖర్చు, ఫంక్షన్‌లో చదివింపులు, బంధువుల ముందు తల దించుకోకూడదన్న పట్టింపు, ఇవి అవసరాల వేషంలో వస్తాయి. వీటికి ‘కో’ అని రాయడానికి చేయి రాదు. అయినా రాయండి.

3. ఇంట్లో ఏముందో చూడండి

రెండవ రాజుల గ్రంథం 4వ అధ్యాయంలో ఒక ప్రవక్త భార్య కథ ఉంది. భర్త పోయాడు, అప్పులవాడు ఇద్దరు కొడుకుల్ని దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడు. ఎలీషా ఆమెను అడిగింది ఇంట్లో ఏముందని. నూనె కుండ ఒక్కటే ఉందంది. పొరుగువాళ్ల దగ్గర ఖాళీ పాత్రలు ఎక్కువే అడిగి తెచ్చుకోమన్నాడు, తలుపు మూసుకుని పోయమన్నాడు. పాత్రలు అయిపోయాక నూనె నిలిచిపోయింది. తర్వాత ఆయన చెప్పినదాన్ని ప్రసంగాల్లో తరచూ వదిలేస్తారు: నూనె అమ్ము, అప్పు తీర్చు, మిగిలినదాంతో నీవూ నీ పిల్లలూ బతకండి. అద్భుతం జరిగాక కూడా అమ్మకం ఆమే చేసుకోవాలి, అప్పు ఆమే తీర్చాలి.

కాబట్టి జాబితా కింద ‘ఉన్నవి’ అని ఒక శీర్షిక పెట్టండి. రావలసిన కూలి బాకీ, ఎవరికో ఇచ్చిన చేబదులు, వాడకుండా మూలపడ్డ కుట్టుమిషను, పాత పుస్తకాలు, పెరట్లో మునగచెట్టు, డ్రైవింగ్ లైసెన్సు, వచ్చిన చేతిపని, అన్నీ రాయండి. ముల్లర్ ఆశ్రమంలో 1838 నుంచి కొన్నేళ్లు మరుసటి పూటకు డబ్బు లేని రోజులు ఎన్నో వచ్చాయి. అలాంటప్పుడు అక్కడ పనిచేసేవాళ్లంతా ప్రార్థనకు కూడేవారు. తమ దగ్గరున్న చిల్లర తెచ్చి ఇచ్చేవారు, లేకపోయినా గడిచే వస్తువులు అమ్మేవారు.

ప్రభుత్వం నుంచి హక్కుగా రావలసినవి కూడా ఈ పేజీలోనే రాయాలి: రేషన్ బియ్యం, వితంతు పింఛను, వృద్ధాప్య పింఛను, ఉపాధి హామీ పని, ఆరోగ్యశ్రీ, పిల్లల స్కాలర్‌షిప్. వీటికి దరఖాస్తు పెట్టడం విశ్వాసలోపం అనుకునేవాళ్లు ఉన్నారు. పౌలు తన రోమా పౌరసత్వాన్ని అవసరమైనచోట వాడుకున్నాడు. ఈ-కేవైసీ పెండింగ్‌లో ఉండి రేషన్ ఆగిపోతే, ప్రార్థన చేసుకుని వెళ్లాల్సింది రేషన్ షాపుకో సచివాలయానికో.

4. ముందు వాక్యం, తర్వాత విన్నపం

పొద్దున లేవగానే అవసరాలతో మొదలుపెడితే ప్రార్థన పావుగంటలో లెక్కల గొణుగుడుగా మారుతుంది. ముల్లర్ తన అనుభవం ఇలాగే రాశాడు. మొదట్లో లేవగానే ప్రార్థనకు కూర్చునేవాడు, మనసు పది నిమిషాలో, పావుగంటో, ఒక్కోసారి అరగంటో చెదిరిపోయేది. తర్వాత వరస మార్చి ముందు వాక్యం చదివి, దాన్ని ధ్యానిస్తూ ప్రార్థనలోకి వెళ్లడం మొదలుపెట్టాక ఆ ఇబ్బంది పోయింది.

20 నిమిషాలను ఇలా పంచుకోవచ్చు: వాక్యానికి 7, కృతజ్ఞతకు 3, విన్నపాలకు 7, మౌనానికి 3. గడియారం పెట్టుకుని చేయమని కాదు గానీ, కృతజ్ఞత మూడు నిమిషాలకు తగ్గకుండా చూడండి. నిన్న అందినవాటిని పేరుపేరునా చెబితే ఆ మూడు నిమిషాలు చాలవు.

వారానికి ఒక భాగం తీసుకోండి. అవసరాల విషయంలో నేరుగా పనికొచ్చేవి ఇవి: మత్తయి 6:25-34, నిర్గమకాండము 16, ఒకటవ రాజులు 17, కీర్తన 23, లూకా 11:5-13, ఫిలిప్పీయులకు 4:4-19, సామెతలు 30:7-9. వాగ్దానాన్ని దాని చుట్టూ ఉన్న మాటలతో కలిపి చదవండి. క్యాలెండర్ మీద, వాట్సాప్ స్టేటస్‌లో కనిపించే ఒక్క ముక్క పట్టుకుని దేవుణ్ని నిలదీస్తే తర్వాత నిరాశపడేది మనమే. “నా దేవుడు మీ ప్రతి అవసరమును తీర్చును” అన్న మాటకు పైనే పౌలు తాను ఆకలిగొని ఉండటం కూడా నేర్చుకున్నానని రాశాడు.

నిర్గమకాండము 16ను ప్రత్యేకంగా, నెమ్మదిగా చదవండి. మన్నా తలకు ఒక ఓమెరు చొప్పున, అంటే సుమారు రెండు లీటర్ల కొలత. ఎక్కువ ఏరుకున్నవాడికి మిగల్లేదు, తక్కువ ఏరుకున్నవాడికి తగ్గలేదు. మర్నాటికి దాచుకుంటే పురుగుపట్టి కంపు కొట్టింది. ఆరో రోజున మాత్రం రెండింతలు ఏరుకోవాలి, అది పాడవలేదు. అంటే రేపటికోసం దాచడమే తప్పని ఆ అధ్యాయం చెప్పదు. దేవుడు దాచుకోమన్న రోజున దాచుకోవాలి, వద్దన్నప్పుడు భయంతో పోగేయకూడదు. పంట డబ్బు ఏడాదికి ఒకసారే వచ్చే రైతు దాన్ని పన్నెండు నెలలకు పంచుకోవడం ఆరో రోజున రెండింతలు ఏరుకోవడంలాంటిదే.

5. విన్నపం చేయండి

నోట్‌బుక్ తెరిచి ముందు పెట్టుకోండి. గంభీరమైన భాష అక్కర్లేదు, ఇంట్లో నాన్నతో మాట్లాడే తీరు చాలు. ఒక మాదిరి:

“తండ్రీ, నిన్న రాత్రి అందరం కడుపునిండా తిన్నాం, మీకు స్తోత్రాలు. పాపకు జ్వరం తగ్గించారు, స్తోత్రాలు. ఈ రోజు మా నలుగురికి భోజనం కావాలి. బియ్యం ఉన్నాయి, పప్పు, నూనె లేవు. కరెంటు బిల్లుకు 18వ తేదీలోపు ఇంకా 340 రూపాయలు కావాలి. ఈ రోజు మేస్త్రీ గారికి ఫోన్ చేస్తాను, పని ఉందంటే వెళతాను. లేదంటే ఇంకో దారి చూపించండి. వెంకాయమ్మత్త ఇంట్లో కూడా బియ్యం అయిపోయాయట, మా దగ్గరున్నదాంట్లో ఆమెకు ఇచ్చే మనసు మాకివ్వండి. మాకు ఏది మంచిదో మీకు తెలుసు. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమెన్.”

ఇందులో బేరం లేదు, “ఇది ఇస్తే అది చేస్తాను” లేదు. పొరుగింటి అవసరం ఉంది. ప్రభువు నేర్పింది “నాకు” అని కాదు, “మాకు” అని. మన జాబితాలో కనీసం ఒక గడి వేరే ఇంటిదై ఉండాలి.

ఒకసారి అడిగినదాన్ని రోజూ మళ్లీ అడగవచ్చా? అడగవచ్చు. అర్ధరాత్రి రొట్టెల కోసం తలుపు కొట్టిన స్నేహితుడి ఉపమానం చెప్పింది యేసే. అరుపులు మాత్రం అక్కర్లేదు. మైకు పెట్టి చుట్టుపక్కలవాళ్లను నిద్ర లేపినంత మాత్రాన విన్నపం పైకి వేగంగా వెళ్లదు.

పిల్లల్ని కూడా కూర్చోబెట్టండి, అయితే పెద్దల భయం వాళ్ల నెత్తిన పెట్టొద్దు. ‘పప్పు కోసం ప్రార్థిద్దాం’ అని చెప్పొచ్చు. ఇల్లు ఖాళీ చేయమంటున్నారన్న సంగతి పదేళ్ల పిల్లవాడికి చెప్పాల్సిన పని లేదు.

6. లేచి మీ వంతు పని చేయండి

ఐదో గడి ‘మా వంతు పని’ ఖాళీగా వదలకూడదు. ప్రతి అవసరానికి ఆ రోజు చేయగల ఒక్క పని రాయండి: ఫోన్ చేయడం, దరఖాస్తు పెట్టడం, బాకీ అడగడం, ఫీజు గడువు పొడిగించమని హెడ్మాస్టరు గారిని కలవడం, ఖర్చు తగ్గించడం. పనిచేయనొల్లనివాడు భోజనం చేయకూడదని థెస్సలొనీక సంఘానికి రాసిన పౌలు, తాను కొరింథులో గుడారాలు కుట్టి బతికాడు. పని దొరకనివాడికి, చేయలేనివాడికి ఆ మాట వర్తించదు. ‘చేయనొల్లని’ అని స్పష్టంగా ఉంది. జబ్బుతో మంచం పట్టినవాళ్ల మీద ఆ వచనం విసరడం పాపం.

ఒంగోలు ప్రాంతంలో దీనికి గొప్ప ఉదాహరణ ఉంది. 1876-78 కరువులో మిషనరీ జాన్ క్లౌ ప్రార్థనకూటాలు పెట్టి ఊరుకోలేదు. ఆయనకు సర్వే పని తెలుసు. తవ్వుతున్న బకింగ్‌హాం కాలువలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చిన వేలమందికి మట్టిపని ఇచ్చి కూలి ఇప్పించాడు. కూటికోసం క్రైస్తవంలోకి వచ్చారన్న మాట రాకూడదని కరువు ఉధృతంగా ఉన్నంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఎక్కువగా మాదిగ కుటుంబాలవాళ్లు.

ఇంట్లో ఒకరి తాగుడుకో, ఆన్‌లైన్ పందేలకో డబ్బు పోతుంటే, “డబ్బు పంపించు ప్రభువా” అన్నది అసలు విన్నపం కాదు. ఎంత వచ్చినా అటే పోతుంది. ‘అవసరం’ గడిలో మొదట రాయాల్సింది ఆ వ్యసనం. దానికి మా వంతు పని జిల్లా ఆసుపత్రిలో డీ-అడిక్షన్ ఓపీకి తీసుకెళ్లడం, జీతం నేరుగా భార్య ఖాతాకు వచ్చేలా మాట్లాడుకోవడం. సిగ్గుపడి దీన్ని పాస్టర్ గారి దగ్గర కూడా దాచేస్తారు, ఏళ్లు గడిచిపోతాయి.

7. ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు

ముల్లర్ తన ఆశ్రమ అవసరాలు బయటివారికి చెప్పకూడదని నియమం పెట్టుకున్నాడు. దేవుడు నేటికీ ప్రార్థన వింటాడని చూపించడం ఆయన ఉద్దేశం, అందుకు ఆ నియమం సరిపోయింది. అది అందరికీ ఆజ్ఞ కాదు. ఒకరి భారాలు ఒకరు మోయమని గలతీ పత్రికలో ఉంది, చెప్పకపోతే మోసేదెలా? కష్టంలో ఉన్న కుటుంబం తమ కాపరికో, నమ్మకస్తులైన ఇద్దరు ముగ్గురికో పరిస్థితి విడమరిచి చెప్పడం మంచిదే. సహాయం అడిగితే సహాయం అనే అడగండి. వాట్సాప్ గ్రూపులో “ప్రేయర్ రిక్వెస్ట్” అని పెట్టి, కింద ఫోన్‌పే నంబరు ఇవ్వడం మాత్రం ప్రార్థన పేరుతో యాచించడమే. రెండూ కలిస్తే దేవుడిచ్చాడో మొహమాటానికి మనుషులిచ్చారో తేలదు.

ఇచ్చినది తీసుకోవడానికి అహం అడ్డురానివ్వకండి. అన్య మతస్థుడైన పొరుగాయన బియ్యం ఇస్తే, “దేవుడు ఏలీయాకు పంపినట్టు కాకుల చేత పంపాడు” అని సాక్ష్యంలో ఆయన్ని కాకిని చేయకుండా, పేరు పెట్టి కృతజ్ఞత చెప్పండి.

8. అందగానే రాయండి

ఆరో గడిలో తేదీ, ఏడో గడిలో ఎలా అందిందో అదే రోజు రాయండి. “మేస్త్రీ మూడు రోజుల పని ఇచ్చాడు, 340 కట్టేశాం”, “అక్క పప్పు పంపింది”, “ఫీజు గడువు నెల పొడిగించారు.” గడువు పొడిగించడం కూడా జవాబే, రాయండి. అడిగినదానికి బదులు ఇంకోటి వస్తే దాన్నీ రాయండి. పెంచి రాయొద్దు. రెండు వేలు వస్తే రెండు వేలే. సాక్ష్యం చెప్పేటప్పుడు అంకెలు పెరిగే అలవాటు మన కూటాల్లో ఉంది, నోట్‌బుక్ దానికి కళ్లెం.

అందినదాన్ని వృథా చేయకండి. అయిదు రొట్టెలు అయిదువేలమందికి పంచాక కూడా ముక్కలు పోగుచేయమన్నాడు యేసు, పన్నెండు గంపలు నిండాయి. మిగిలినదాంట్లో కొంత పక్కన పెట్టండి. మిజోరం సంఘాల్లో స్త్రీలు వండేముందు పిడికెడు బియ్యం తీసి సంఘానికి ఇస్తారు. డబ్బు లేని ఇల్లు కూడా ఇవ్వగల కానుక అది.

గడువు దాటినా రాకపోతే

ముందు ఆ గడిని మళ్లీ చదవండి. ‘కో’ను ‘అ’గా రాశారా? ఐదో గడిలో పని చేశారా? అన్నీ సరిగ్గా ఉండి కూడా రాకపోతే తప్పు వెతుక్కుంటూ కూర్చోవద్దు. “నీలో రహస్య పాపముంది, అందుకే రావట్లేదు” అని తేల్చేసేవాళ్ల మాట పట్టించుకోకండి. యోబు స్నేహితులూ అదే అన్నారు, చివర్లో దేవుడు వాళ్లను మందలించాడు.

ఒక దారి మూసుకుపోవచ్చు. ఏలీయాకు కెరీతు వాగు దగ్గర నీళ్లూ కాకులు తెచ్చిన ఆహారమూ దొరికాయి. వాగు ఎండిపోయింది. ఎండింది ఆ వాగే, తర్వాత సారెపతులో విధవరాలి ఇంట్లో తిన్నాడు. ఉద్యోగం పోయినవాళ్లు ఇక్కడ ఆగి చదవాలి: పాత కంపెనీ మళ్లీ పిలవాలని మాత్రమే అడుగుతూ కూర్చుంటే కొత్త ఊరు కనపడదు.

కొన్నిటికి ఏళ్లు పడుతుంది. 1854 జనవరి 1న తెల్లవారుజామున మిషనరీలు లైమన్ జ్యూయెట్ దంపతులు, కొందరు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి ఆ ఊరికి ఒక మిషనరీని పంపమని ప్రార్థించారు. క్లౌ ఒంగోలు చేరింది 1866లో. కొన్నిటికి జవాబు ‘వద్దు’ అనే వస్తుంది. శరీరంలో ముల్లు తీసేయమని పౌలు మూడుసార్లు వేడుకున్నాడు, తీయలేదు. నోట్‌బుక్‌లో ‘రాలేదు’ అని రాయడానికి భయపడకండి. ఖాళీలు కప్పిపుచ్చితే పుస్తకం అబద్ధమవుతుంది.

ఆకలి మాత్రం వాయిదా వేసేది కాదు. ఆ పూటకు తిండి లేకపోతే వెంటనే సంఘానికో పొరుగింటికో చెప్పండి. రెండు వారాలకుపైగా నిద్ర పట్టక, చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి, అది ఉచితం. ప్రార్థనకు అది పోటీ కాదు.

ఎక్కువగా బోల్తాపడే చోట్లు

*విత్తన కానుక.* “వెయ్యి విత్తు, లక్ష కోస్తావు” అని టీవీలోనో కూటంలోనో చెబితే అద్దె డబ్బు తీసి ఇవ్వొద్దు. సారెపతు విధవరాలు తన చివరి పిండితో చేసిన రొట్టె తన ఇంట్లో తలదాచుకున్న ఆకలిగొన్న మనిషికి పెట్టింది, అకౌంటు నంబరుకు కాదు. కానుక సంతోషంగా ఇవ్వండి, అప్పు తెచ్చి ఇవ్వొద్దు.

*మొక్కుబడి.* భయంలో పెద్ద మొక్కు మొక్కి తర్వాత తీర్చలేక కుమిలిపోతారు. మొక్కి చెల్లించకపోవడంకంటే మొక్కకపోవడమే మేలని ప్రసంగి 5వ అధ్యాయం చెబుతుంది.

*అప్పును జవాబుగా లెక్కపెట్టడం.* యాప్‌లో అయిదు నిమిషాల్లో అయిదు వేలు పడితే “ప్రభువు ద్వారం తెరిచాడు” అనుకుంటారు. అప్పు చేసి పప్పుకూడు తింటే వచ్చే నెల జాబితాలో వడ్డీ ఒక కొత్త గడి అవుతుంది. ముల్లర్ డబ్బు లేని రోజున రొట్టె అరువు తీసుకోవడానికి కూడా ఒప్పుకోలేదు. లోన్ యాప్‌వాళ్లు ఫొటోలు మార్చి బెదిరిస్తుంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫిర్యాదు చేయండి, బెదిరింపు తీర్చడానికి ఇంకో యాప్ తెరవకండి.

*మందులు ఆపడం.* బీపీ, షుగర్, మూర్ఛ, థైరాయిడ్ మందులు, ఇన్సులిన్ ఎవరు చెప్పినా డాక్టరు మాట లేకుండా ఆపొద్దు. ఖర్చు భారమైతే ఆ మందునే జాబితాలో రాసి, ప్రభుత్వ ఆసుపత్రిలోనో జన ఔషధి కేంద్రంలోనో అడగండి. షుగర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఉపవాస ప్రార్థనలో పూర్తి పస్తు ఉండకూడదు. ఫోన్‌కో టీవీకో ఉపవాసం పెట్టినా ఉపవాసమే.

*పక్కవాళ్ల సాక్ష్యంతో పోల్చుకోవడం.* ఒకరికి ప్లాటు వచ్చింది, మీకు కిలో పప్పు వచ్చింది. ఆ వారం మీరడిగింది పప్పే.

నోట్‌బుక్ నిండాక పారేయొద్దు. ఇంకా అందని గడులను కొత్త పుస్తకం మొదటి పేజీలోకి ఎక్కించండి. అడిగిన తేదీ గడిలో పాత తేదీయే రాయండి.